భాషారాష్ట్రమున అన్యభాషాపౌరుడు: రాజపాళయమునుండి ఒక విమర్శ

విదేశపాలన తొలగిన దేశములకు రెండు పనులు ఒక్కమారే మీదబడినవి. ఎల్లలు నిర్ణయించి, శాసనసభలు నిలిపి, కొలువులు నడపి రాజ్యమును నిర్మించుట మొదటిది. నిన్నటివరకు ఏలబడినవానిని నేడు పౌరునిగా చేయుట రెండవది. మొదటి పనికి తిథి కలదు. జెండా యెత్తిన దినమును పిల్లలకు పాఠముగా చెప్పుదురు. రెండవ పనికి తిథి లేదు. అది కచ్చేరిలో గుమాస్తా బల్లయెదుట, బడిపిల్లవాని పలకమీద, న్యాయస్థానపు మెట్లమీద, ఓటుపెట్టె దగ్గర మెల్లమెల్లగా జరుగవలసినది. మొదటిది జరిగి రెండవది జరుగని దేశములు మన చుట్టును కలవు.

సింహళమునే చూడుడు. ఆ దేశము 1948లో స్వతంత్రమైనది. ఆ యేడే చేసిన పౌరసత్వశాసనము తోటలలో తరతరములుగా పాటుపడిన లక్షలాది కూలీలకు పౌరసత్వము లేకుండ జేసినది. వారిలో పెక్కుమంది పూర్వులు మధుర, రామనాథపురము, తిరునెల్వేలి, తిరుచిరాపల్లి ప్రాంతములనుండి వెళ్లినవారు. 1956లో సింహళభాష యొక్కటియే అధికారభాషయైనది. 1964లో శాస్త్రి, సిరిమావో బండారనాయకలు చేసికొన్న ఒడంబడికలో 5,25,000 మంది భారతమునకు, 3,00,000 మంది సింహళమునకు అని లెక్క తేల్చి, మిగిలిన 1,50,000 మందిని గూర్చి మరియొకమారు ఆలోచింతమని విడిచిపెట్టిరి. మనుష్యులను ధాన్యపు బస్తాలవలె పంచుకొనుట యనగా నిదియే. బర్మాలో 1962 తరువాత వచ్చిన సైనికపాలన దుకాణములను, వ్యాపారములను ప్రభుత్వపరము చేయగా, కోరంగీలని పిలువబడిన మన తెలుగువారు సహితము మూటలు గట్టుకొని తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేరు నేటికిని ఆ కథ చెప్పుచున్నది. పాకిస్తానమున ఉర్దూ యొక్కటియే రాజ్యభాష యనుటవలన 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో నెత్తురు చిందినది; 1971లో దేశమే రెండైనది. ఈ మూడు చోట్లను దోషమొక్కటియే. రాజ్యమెవరిది యను ప్రశ్నకు, అధికసంఖ్యాకుల భాషది యని యొకచోట, జాతిది యని యొకచోట జవాబు చెప్పిరి. పౌరునిది యని చెప్పినవారు లేరు.

భారతదేశమట్లు చేయలేదు. మన రాజ్యాంగము ఒకే పౌరసత్వమును ఇచ్చినది. మాతృభాషను పౌరసత్వమునకు షరతుగా పెట్టలేదు. ఈ గొప్పను తగ్గించుట మా యుద్దేశము కాదు. కాని పౌరసత్వము ఒక్కటియై, రాష్ట్రములు భాషనుబట్టి ఏర్పడినపుడు ఒక చిక్కు పుట్టినది. భాషారాష్ట్రమున ఆ భాష మాటలాడని పౌరుని స్థానమేమి? అతడు ఇంటివాడా, అతిథియా? ఈ ప్రశ్నను హైదరాబాదులో కూర్చుండి చూచిన నొక విధముగాను, చెన్నపట్టణమున కూర్చుండి చూచిన మరియొక విధముగాను కనబడును. ఈ వ్యాసమున మేము దానిని రాజపాళయమునుండి చూడ దలచినాము. ఈ ఊరు అందుకు తగిన చోటని ముందు నిరూపింతుము.

పడమటి కనుమల పాదమున, నేటి విరుదునగర మండలమున రాజపాళయము కలదు. 1985లో రామనాథపురమును విభజించువరకు అది ఆ మండలములోనిదే. ఇచటి రాజులు తమ పూర్వులు విజయనగరపు రోజులలో, మధుర నాయకుల కాలములో దక్షిణమునకు వచ్చి స్థిరపడిరని చెప్పుకొందురు. ఇండ్ల పేర్లు తెలుగు, ఇంటిమాట తెలుగు. వీధిమాట, బడిచదువు, కచ్చేరివ్రాత తమిళము. వీరు గాక చుట్టుప్రక్కల నల్లరేగడి నేలలో కమ్మవారు, రెడ్లు, ఇతర కులములవారు పెక్కుమంది తెలుగుమాటవారే. 1936లో పి. ఎ. సి. రామస్వామి రాజాగారు రాజపాళయం మిల్లును స్థాపించిరి. నూలు మరలు ఊరికి పేరు తెచ్చినవి. సమీపమున ఛత్రపట్టిలో నేయు కట్టుగుడ్డ ఆసుపత్రులకు పోవుచున్నది. అనగా వీరు వలసపక్షులు కారు. నేలను దున్ని, మరలను నడపి, ఊరిని పెంచినవారు. ఇట్టివారిని 1956 నవంబరు 1వ తేది ఉదయమున రాష్ట్రపటము ‘భాషాల్పసంఖ్యాకులు’ అని పిలిచినది. వారు కదలలేదు, వారి చుట్టును గీత కదలినది.

ఆ గీతకు శాస్త్రమువంటిది 1955 సెప్టెంబరు 30న సమర్పింపబడిన రాష్ట్ర పునర్విభజన కమిషన్ నివేదిక. ఫజలాలీ, హృదయనాథ కుంజ్రూ, కె. ఎం. పణిక్కరుగార్లు దానిని వ్రాసినవారు. నివేదికకు న్యాయము చేసి మాటలాడవలెను. 1948లో దార్ కమిషన్ భాషారాష్ట్రములు కూడవని చెప్పినది; జవహర్లాలు, వల్లభభాయి, పట్టాభిగార్ల కమిటీ 1949లో వాయిదా మంచిదన్నది; 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారి ప్రాణము పోయినపిమ్మట గాని ఆంధ్రరాష్ట్రము రాలేదు. ఇట్టి వేడిమిలో నియమింపబడిన కమిషన్ చల్లని తలతో పని చేసినది. భాష యొక్కటియే కొలబద్ద కారాదనియు, దేశైక్యము, ఆర్థికస్థితి, పరిపాలనా సౌకర్యము గూడ చూడవలెననియు చెప్పినది. ఎట్లు గీచినను ప్రతి రాష్ట్రమునను అన్యభాషలవారు మిగిలియే యుందురని గ్రహించి, వారి రక్షణకై వేరుగా ఒక అధ్యాయము వ్రాసినది. మాతృభాషలో ప్రాథమిక విద్య పొందుటకు రాజ్యాంగబద్ధమైన గుర్తింపు కావలెనన్నది. ఇంతదూరము ఆలోచించిన ప్రభుత్వపత్రములు ఆ కాలపు ఆసియాలో అరుదు.

ఇక దోషము. ఆ అధ్యాయమంతయు అంకగణితము. రాష్ట్రమున నూటికి 70 మందియో అంతకు మించియో ఒక భాషవారైనచో అది ఏకభాషా రాష్ట్రము. 30 మంది వేరుభాషవారున్నచో ద్విభాషా రాష్ట్రము. ఒక జిల్లాలో నూటికి 70 మంది అల్పసంఖ్యాక భాషవారైనచో అచట వారి భాష నడువవచ్చును. తరువాత 1956లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన రక్షణల పత్రమున, నూటికి 15 లేక 20 మంది యున్నచోట్ల ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలో గూడ వేయుట మంచిదన్నారు. బడి విషయమున 1949నాటి విద్యామంత్రుల సమావేశపు సూత్రమే నిలిచినది: బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది పిల్లలున్నచో మాతృభాషలో చెప్పు ఉపాధ్యాయుని ఈయవలెను.

ఈ అంకెలతో రాజపాళయమును కొలిచి చూతము. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు. నూటికి ఆరుగురికి కొంచెము తక్కువ. చిన్న దేశమంత జనము. అయినను 30కి చాలదు. ఏ జిల్లాలోను 70కి చాలదు. ఒక్క బడిసూత్రమునకు మాత్రము చాలును. కాని 40 మంది పిల్లల తండ్రులు ముందుగా వచ్చి, మాకు కావలెనని అడుగవలెను. అడుగువాడు తన్ను అల్పసంఖ్యాకుడనని ఒప్పుకొనవలెను. ఏడెనిమిది తరములుగా ఊరికి తామే స్తంభములమని యెంచుకొన్నవారు ఆ చీటీ వ్రాయుదురా? వ్రాయరు. కాబట్టి సూత్రము కాగితముమీద బ్రతికియే యున్నది, తెలుగక్షరము మాత్రము ఇండ్లలో కనుమరుగైనది. కమిషన్ తలలను లెక్కించినది. తలలోని అభిమానమును లెక్కించలేదు.

కమిషన్ సూచించినదానిలో రాజ్యాంగమునకు ఎక్కినది మరికొంత పలుచనైనది. 1956నాటి ఏడవ సవరణచే చేర్చబడిన 350-ఎ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ‘ప్రయత్నింప’వలెనన్నది. ప్రయత్నింపలేదని ఎవరిని పట్టుకొందుము? రాష్ట్రపతి ఆదేశములీయవచ్చునని అధికరణము చెప్పుచున్నది గాని, అట్టి ఆదేశమునకై పల్లెబడి పిల్లవాడు ఢిల్లీ త్రోవ పట్టజాలడు. రక్షణల అమలును గవర్నరుద్వారా చూడవచ్చునని కమిషన్ సూచించినది. పార్లమెంటు దానిని వలదని, 350-బి అధికరణముచే ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచినది. 1957లో ఆ కార్యాలయము పని మొదలిడినది. అతడు విచారించును, నివేదించును, నివేదిక పార్లమెంటు బల్లమీదికి వచ్చును. ఆజ్ఞాపించు అధికారము మాత్రము లేదు. వైద్యుడు నాడి చూచి చీటీ వ్రాయవచ్చును గాని మందీయరాదన్నట్లున్నది.

ఇంతవరకు చేసిన విమర్శ శాసనముమీద. అంతటితో ఆగినచో మేము సగమే చెప్పినవారమగుదుము. ఇదే రాజపాళయపు చరిత్రలో, పౌరుడనగా నేమో నివేదికకంటె స్పష్టముగా చూపిన జీవితమొకటి కలదు. అది పూసపాటి సంజీవి కుమారస్వామి రాజాగారిది.

1898లో ఈ ఊర పుట్టిన ఈ గాంధేయుడు 1949 ఏప్రిలులో మదరాసు ప్రధాని యైనారు; 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చినపిమ్మట అదే పదవి ముఖ్యమంత్రిత్వమైనది. ఆనాటి మదరాసు తమిళ, ఆంధ్ర, మలయాళ, కన్నడ ప్రాంతముల కూడలి. తమిళనాట పుట్టి, ఇంట తెలుగు మాటలాడు ఒక మనుష్యుడు దానికి నాయకుడగుట ఆనాడు వింతగా తోచలేదు. ఆ రాష్ట్రమును చీల్చుటకు 1949లో ఏర్పడిన విభజన కమిటీకి అధ్యక్షుడును ఆయనయే. చరిత్ర ఇంతకంటె విచిత్రముగా పాత్రను ఎన్నుకొనదు. ఆ కమిటీలో టంగుటూరి ప్రకాశముగారు మదరాసు నగర విషయమున అసమ్మతి పత్రము వ్రాసిరి, ఏకాభిప్రాయము కుదురలేదు, ఆంధ్రరాష్ట్ర నిర్మాణము ఆగినది. ఆంధ్రుల చరిత్రలలో ఈ ఘట్టమును నగరము పోయిన కథగా చెప్పుట వాడుక. మేము మరియొకటి గమనింప గోరుచున్నాము. ఆ బల్లచుట్టును కూర్చున్నవారు నేల ఎవరిది, నగరమెవరిది, అప్పులెవరివి అని వాదించిరి. ఏ వైపు పోయినను అవతల మిగులువారి స్థితి ఏమని వాదించినట్లు ఆ కాలపు చర్చలలో ప్రముఖముగా కనబడదు. అధ్యక్షపీఠముననే అట్టి యొకరు కూర్చుండి యుండిరి.

ఆయన ప్రభుత్వకాలముననే, మన దేశమున పౌరుడనువాని రూపురేఖలను తీర్చిన మూడు వ్యాజ్యములు పుట్టినవి. మూడింటను ప్రతివాది మదరాసు రాష్ట్రమే. ‘క్రాస్‌రోడ్స్’ అను బొంబాయి వారపత్రిక తన ఎల్లలోనికి రాగూడదని మదరాసు ప్రభుత్వము 1950లో నిషేధించినది. రమేశ్ థాపర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ నిషేధమును కొట్టివేసి, పత్రికాస్వాతంత్ర్యమునకు పునాదిరాయి వేసినది. వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో స్థానములను కులములవారీగా పంచు ప్రభుత్వాజ్ఞను 1951లో చంపకం దొరైరాజన్ వ్యాజ్యమున కొట్టివేసినది. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని చట్టవిరుద్ధమని ప్రకటించిన చర్యకు ఆధారమైన శాసనమును 1952 మార్చిలో వి. జి. రౌ వ్యాజ్యమున కొట్టివేసినది.

ఆ ప్రభుత్వము చేసినదంతయు తప్పని మా మాట కాదు. అంతయు ఒప్పని మొదలే కాదు. 1950 ఫిబ్రవరిలో సేలము జైలులో కాల్పులు జరిగి 22 మంది ఖైదీలు మరణించుట ఆ పాలనమీది నల్లని మచ్చ. దానిని కప్పిపుచ్చి స్వస్థలాభిమానముతో కీర్తనము చేయుట విమర్శకులకు తగదు. కులములవారీ స్థానముల విషయమున న్యాయము రెండు వైపులను కలదు. విద్య అందనివారికి తలుపు తీయవలసినదే; అందువలననే 1951లోనే మొదటి సవరణచే 15వ అధికరణమునకు నాలుగవ ఖండము చేర్చబడినది. అదే సవరణ వాక్స్వాతంత్ర్యముపైని కొత్త పరిమితులను గూడ తెచ్చినది. కాని మూడు వ్యాజ్యములలోను జరిగిన ముఖ్యకార్యమొక్కటి: రాజ్యము తీర్పునకు తల వంచినది. ఓడిన ప్రభుత్వము న్యాయస్థానమును మూయించలేదు. పత్రిక నడపుకొను ఒక వ్యక్తి, కళాశాలలో చోటు కోరిన ఒక స్త్రీ, ఒక సంఘపు కార్యదర్శి వచ్చి, మా హక్కునకు సమాధానము చెప్పుమని అడుగగా, కోట్ల జనమును ఏలు రాష్ట్రము బోనులో నిలిచి సమాధానము చెప్పినది. ఏ భాషవాడవని న్యాయస్థానము వారిని అడుగలేదు. ఊరిలో నీవారెందరని అడుగలేదు. ఒక్కడైనను చాలునన్నది. అల్పసంఖ్యాకునికిని పౌరునికిని భేదమిదియే. అల్పసంఖ్యాకుడు లెక్కకు నిలువవలెను. పౌరునికి లెక్క అక్కరలేదు.

తరువాత 1952 ఎన్నికలు వచ్చినవి. మదరాసు శాసనసభలోని 375 స్థానములలో కాంగ్రెసునకు 152 మాత్రమే దక్కినవి. ముఖ్యమంత్రియైన కుమారస్వామి రాజాగారే తమ సొంతసీమయైన శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయిరి. పదవిలోనున్నవాడు, త్యాగము చేసినవాడు, ఊరివాడు, ఐనను ప్రజలు వలదనిరి, ఆయన దిగిపోయిరి. స్వతంత్రదేశములలో ఇది సామాన్యమని మనమిప్పుడు తలచుచున్నాము. ఆ దశకమున, తరువాతి దశకమున కొత్తగా స్వతంత్రమైన ఎన్ని దేశములలో ఓడిన నాయకుడు మెట్లు దిగెనో, ఎన్నింట సైనికులు మెట్లెక్కిరో లెక్క చూచినచో దీని విలువ తెలియును. 1954లో ఆయన ఒడిశాకు గవర్నరైరి. ఆ రాష్ట్రము 1936లోనే భాష పునాదిగా ఏర్పడినది. పునర్విభజన నివేదిక వెలువడునపుడు ఆయన అచటనే యుండిరి. ఒడిశా కోరిన సరైకెళా, ఖర్సవాన్‌లు దానికి దక్కలేదు. గీతలు గీయుటలోని బాధను రెండు రాష్ట్రములలో రెండు పదవులనుండి చూచినవారాయన. 1957లో మరణించిరి. రాజపాళయములోని తమ యింటిని గాంధీ కళామండ్రమునకు ఇచ్చివేసిరి. ఆ యింటి తలుపు ఏ యొక్క భాషవారికో తెరచినది కాదు, ఊరికంతటికి తెరచినది.

ఈ జీవితమును నివేదిక ప్రక్కన పెట్టి చదివినచో రెండు రాజ్యభావనలు కనబడును. ఒకదానిలో రాజ్యము ఒక భాషవారి యిల్లు. మిగిలినవారికి అందులో గది ఈయవలెనా, వసారా ఈయవలెనా అని సంఖ్యనుబట్టి నిర్ణయింతురు. రెండవదానిలో రాజ్యము అందరు కలిసి కట్టిన చావడి. అచట నడుచు భాష ఒకటి కావచ్చును గాని కూర్చుండు హక్కు అందరిది. మన రాజ్యాంగపు మూలము రెండవ భావన. మన రాష్ట్రవిభజన రాజకీయము పెక్కుసార్లు మొదటి భావనతో మాటలాడినది. ఆంధ్రులమైన మనము ఈ తప్పునకు బాహ్యులము కాము. 1953 ముందు మదరాసులో మన హక్కును గూర్చి వాదించునపుడు పౌరుల సమానత్వమును ఎత్తిచూపితిమి. మనకు రాష్ట్రము వచ్చినపిమ్మట మన ఎల్లలలోని తమిళ, కన్నడ, ఒడియా, సవర, గోండు భాషలవారిని గూర్చి అంతటి గొంతుతో మాటలాడితిమా? ఈ ప్రశ్న చేదుగా నుండును, అయినను వేసికొనవలసినదే.

ఇందుకు సంబంధించినదే మన సంచికలలో విరివిగా వాడు ‘ప్రవాసాంధ్రులు’ అను మాట. డర్బనులోనో మారిషసులోనో ఉన్నవారికి ఆ మాట చెల్లునేమో, రాజపాళయమువారికి చెల్లదు. ప్రవాసమనగా స్వస్థలమును వీడియుండుట. వీరి స్వస్థలము ఇదియే. నాలుగైదు వందల యేండ్ల క్రిందటి ఊరిని చూపి, నీ యిల్లు అది యనుట, నేటి ఇంటిలో అతనిని అతిథిని చేయుటయే. ఆదరముతో అన్నను, ద్వేషముతో అన్నను ఫలమొకటే. ఓట్ల కాలమున కొందరు, నీవు తమిళుడవు కావని అనుటయు, మన సభలలో కొందరు, నీవు మావాడవే, ఇక్కడివాడవు కావని అనుటయు ఒకే నాణెమునకు రెండు ముఖములు.

మరియు ‘తెలుగువారు’ అను ఒక్క మాటక్రింద దాగిపోవు భేదములను గూడ చూడవలెను. ఈ సీమలో తెలుగు మాటలాడు అరుంధతీయులు పెక్కుమంది కలరు. తోలుపని, పాకీపని, కూలిపని వారి తలమీద మోపబడినవి. మిల్లు యజమాని యింటి తెలుగును, వీధి తుడుచువాని యింటి తెలుగును జనాభా లెక్కలలో ఒకే గడిలో పడును. ఊరిలో వారి పౌరసత్వములు మాత్రము ఒక్కటి కావు. అరుంధతీయులకు భాషాసంఘములు చేసిన మేలు స్వల్పము. వారికి మేలు చేసినది 2009లో తమిళనాడు చేసిన శాసనము. షెడ్యూలు కులములకు కేటాయించిన నూటికి 18లో 3 పాళ్లు వారికి ప్రత్యేకించినది. ఇట్టి ఉపవర్గీకరణ చెల్లునా యను వివాదమున, ఆంధ్రప్రదేశమునుండి వెళ్లిన చిన్నయ్య వ్యాజ్యములో 2004లో సుప్రీంకోర్టు చెల్లదన్నది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును త్రోసివేసి, చెల్లునన్నది. తమిళమాట నడుచు రాష్ట్రము తెలుగుమాటవారిని పౌరులుగా గుర్తించి చేసిన న్యాయమిది. భాషారాష్ట్రమున అన్యభాషవానికి న్యాయము జరుగదనువారు దీనిని మరువరాదు. భాషాసంఘమే చాలుననువారు గూడ మరువరాదు.

అయినచో భాష విషయమున అడుగవలసినది లేదా? కలదు. 2006లో తమిళనాడు తమిళబోధనా శాసనము చేసినది. ఆ యేటి ఒకటవ తరగతినుండి మొదలిడి ఏటికొక్క తరగతి చొప్పున తమిళము తప్పనిసరి యైనది. ఆ పిల్లలు పదవ తరగతికి వచ్చునప్పటికి అల్పసంఖ్యాక భాషల బడులవారు న్యాయస్థానముల నాశ్రయించి మినహాయింపులు కోరిరి. మా అభిప్రాయము స్పష్టముగా చెప్పుచున్నాము. తమిళనాట పెరుగు బిడ్డ తమిళము నేర్వవలసినదే. అది భారము కాదు, బలము. కచ్చేరిలో, బజారులో, శాసనసభలో తన మాట చెల్లించుకొనుటకు ఆ భాష కావలెను. అది రానివానిని పౌరునిగా ఎవరు గుర్తించినను అతడు సగము పౌరుడే. కాని తమిళము నేర్చుటకు తెలుగక్షరమును మానవలెననుట తర్కము కాదు. రెండు భాషలు మోయలేనంత అల్పమైనది కాదు పిల్లవాని బుద్ధి. కోవిల్పట్టిదగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణగారి ఇంటిభాష తెలుగు. ఆయన వ్రాసినది తమిళము. తెలుగువారి వలసకథను ‘గోపల్ల గ్రామము’ అను నవలగా తమిళమున వ్రాసి, దాని కొనసాగింపునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిరి. తమిళులు ఆయనను తమ కరిసల్ నేల రచయితగా తలకెత్తుకొనిరి. తెలుగుచెవి ఆయన తమిళమును పలుచన చేయలేదు, చిక్కన చేసినది. ఐతే తన పూర్వుల కథను తన యింటిభాషలో వ్రాయగల వీలు ఆ తరమునకు లేకపోయెనను లోటును గూడ ఆ నవల చెప్పకయే చెప్పుచున్నది.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. హక్కులన్నియు వ్యక్తికే యని, సంఖ్యతో పనిలేదని చెప్పి, మరల బడి, ఉపాధ్యాయుడు కావలెనన్నచో సంఖ్య రాక తప్పునా? ఒక్క పిల్లవానికి ఒక ఉపాధ్యాయుని ఏ ప్రభుత్వము ఈయగలదు? ఆక్షేపణ సరియైనదే. ధనము ఖర్చగు చోట లెక్క ఉండవలసినదే. మేము లెక్క వలదనుట లేదు. లెక్క తరువాత రావలెననుచున్నాము. మొదట హక్కు, తరువాత వసతి. ‘నీవు 40 మందివైనచో నీకు హక్కు కలదు’ అనుటకును, ‘నీకు హక్కు కలదు, 40 మంది కూడినచో ఉపాధ్యాయుని పంపుదుము, కూడనిచో సాయంకాలపు తరగతికో, పుస్తకములకో సాయపడుదుము’ అనుటకును చాల దూరము కలదు. మొదటి వాక్యము చెప్పు రాజ్యమునకు ప్రజలు గుంపులు. రెండవ వాక్యము చెప్పు రాజ్యమునకు పౌరులు. రాజ్యాంగపు 350వ అధికరణము ఏ పౌరుడైనను తన బాధను దేశమునగాని రాష్ట్రమునగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను మనవి చేసికొనవచ్చునని మొదటినుండియు చెప్పుచునే యున్నది. అందులో అంకె లేదు. దాని ప్రక్కన 1956లో చేర్చిన అధికరణములు ఆ స్ఫూర్తికి ఎదుగలేదనుట మా విమర్శసారము.

కడపట మనవైపు పని. శాసనము చేయని పనిని సంఘములు చేయవచ్చును. ఏటికొకమారు కూచిపూడి నృత్యము, ఉగాది పచ్చడి, సన్మానపు శాలువ మంచివే. కాని అక్షరము రాని భాషకు సన్మానము చేసిన ఫలమేమి? తెలుగుసంఘములు మొదట చేయవలసినది వర్ణమాల పని. రాజులయిండ్ల పిల్లలతోబాటు అరుంధతీయుల పిల్లలకు, తమిళులై తెలుగు నేర్వ గోరువారికి గూడ ఒకే చాపమీద ఓనమాలు దిద్దించు సాయంకాలపు బడి పెట్టవలెను. అడుగునపుడు విడిపోయినవారిగా, విడిచిపెట్టబడినవారిగా అడుగరాదు. ఈ రాష్ట్రపు పన్ను కట్టువారిగా, ఈ రాష్ట్రపు ఓటు వేయువారిగా, ఈ ఊరి మరలు నడపినవారిగా, ఈ ఊరి వీధులు తుడిచినవారిగా అడుగవలెను. అధికారినుండి దయగా వచ్చినది మరుసటి యధికారితో పోవును. పౌరుడు హక్కుగా గైకొన్నది బిడ్డలకు సంక్రమించును.

రాజ్యనిర్మాణము 1956లో పూర్తియైనదని పాఠ్యపుస్తకములు చెప్పును. 2000లో మూడు, 2014లో తెలంగాణము వచ్చినవి. మరికొన్ని గీతలు రావచ్చును. ప్రతి గీతకు అవతల ఒక రాజపాళయము మిగులుచునే యుండును. గీత గీచిన దినమున ఎందరు సంతసించిరి యనుటకంటె, గీతకు అవతల మిగిలిన ఒక్కనికి ఆ రాజ్యము తనదని తోచెనా యనుటయే ఆ పని మంచిచెడ్డలకు గీటురాయి. ఆ గీటురాయిమీద భారతదేశము సింహళ, బర్మాలకంటె మేలిబంగారమని తేలినది. కొంత రాగి మాత్రము ఇంకను కలిసియున్నది. దానిని కరగించి తీయుట చదువుకొన్న పౌరుల పని.